వాయనంలో ఇచ్చిన పొడి

నారింజ వాసన వస్తే చాలు, నాకు డోకు వస్తుంది. పండుదైనా సరే, పిప్పరమెంటుదైనా సరే. ఒకసారి బస్సులో పక్క సీటావిడ కమలాపండు వలవడం మొదలుపెడితే లేచి తెనాలి దాకా నిలబడే వచ్చాను. ఈవిడకేమైనా తిక్కా అన్నట్టు చూశారు అందరూ. చూడనీ. ఆ వాసన వేసే పొడిని నా చేతులతో పదమూడు మందికి పంచిపెట్టాను. ఆ పదమూడు మందిలో నా చెల్లెలు ఒకతె.

నేను ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. గుండెకి నాలుగు గదులుంటాయని, మంచి రక్తం ఎటు పోతుందో చెడ్డ రక్తం ఎటు వస్తుందో ఎర్ర సుద్దతో, నీలం సుద్దతో బోర్డు మీద కొన్ని వందల సార్లు గీశాను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, చదివాక "పాపం, తెలియక చేసింది" అని నన్నెవరూ వెనకేసుకు రావద్దు. తెలియకపోవడానికి నాకు వీల్లేదు.

పొడి మా ఇంటికి తెచ్చింది మా ఆయన అక్క. బాపట్లలో ఉంటుంది. నేను వదినా అని పిలుస్తాను. ఆవిడ చేతిలో ఎప్పుడూ అమ్మేదేదో ఒకటి ఉంటుంది. ఒక ఏడాది ఒన్ గ్రామ్ గాజులు, ఇంకో ఏడాది రాగి సీసాలు, ఆ తర్వాత మెడనొప్పి తగ్గించే దిండు. అవన్నీ మా అటక మీద ఉన్నాయి. ఆవిడ తెచ్చినది వద్దనడం మా ఇంట్లో లేదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నాకు జ్వరం వస్తే నలభై రోజులు సేవ చేసిన మనిషి ఆవిడ. ఆ మొహమాటం అలా ఉండిపోయింది.

ఈసారి తెచ్చింది సన్నబడే పొడి. వెండి రంగు ప్యాకెట్టు, దాని మీద పచ్చటి ఆకు బొమ్మ, కింద 'నూటికి నూరు పాళ్లు సహజం' అని ఇంగ్లీషులో. ఎవరు తయారు చేశారో లేదు, ఎక్కడ తయారైందో లేదు, లైసెన్సు నంబరు లేదు. మజ్జిగ ప్యాకెట్టు కొన్నా కళ్లజోడు పెట్టుకుని తారీఖు చూసే మనిషిని నేను. దీన్ని మాత్రం వెనక్కి తిప్పి కూడా చూడలేదు. వదిన ఏదో వాట్సాప్ గ్రూపులో చేరిందట, కొరియర్‌లో వస్తుందట, పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లలో ఒక చెంచా కలుపుకుని తాగితే ఆకలి వేయదట. మనం తినే ఆకులూ గింజలే కదా అంది.

శ్రావణ శుక్రవారం మా ఇంట్లో పేరంటం. వాయనంలో ఒక్కో చిన్న ప్యాకెట్టు పెట్టమని ఆవిడే చెప్పింది. శనగలు, అరటిపండ్లు, తాంబూలం, జాకెట్టు ముక్క, వాటి మీద ఈ ప్యాకెట్టు. ఎంత తెలివైన ఆలోచనో చూడండి. దుకాణంలో వంద ప్రశ్నలు వేసే ఆడవాళ్లు కూడా వాయనాన్ని వద్దనరు. కొంగు పట్టి, "పుచ్చుకుంటినమ్మా వాయనం" అని మూడుసార్లు అని తీసుకెళ్తారు. అమ్మవారి ముందు పెట్టింది కనుక ఇంటికెళ్లాక పారేయరు కూడా.

"ఒక్క ప్యాకెట్టు వాళ్ల ఇంట్లో పడనీ అమ్మాయ్, ఆ తర్వాత వాళ్లే ఫోన్ చేస్తారు" అంది వదిన.

నేను నవ్వాను. నవ్వి, ఆ ప్యాకెట్లన్నిటినీ పళ్లెంలో వరసగా పేర్చి, ఒక్కోదానికీ పసుపూ కుంకుమా అద్దాను. ఆ పని చేసిన వేళ్లని తలచుకుంటే ఇప్పటికీ నాకు రోత పుడుతుంది.

మా చెల్లి రేపల్లెలో ఉంటుంది. ఇంటి ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. రేపల్లెలో దాని చేతి జాకెట్టుకి పేరు. పొద్దస్తమానం కూర్చుని చేసే పని, పైగా పెళ్లయ్యాక రెండు కాన్పులు, మనిషి కాస్త లావైంది. అంతే. దానికి జబ్బేమీ లేదు, బెంగ మాత్రం ఉండేది. పెళ్లిళ్లలో ఫొటోలు తీసేటప్పుడు వెనక వరసలోకి వెళ్లిపోయేది. "అక్కే చెల్లెల్లా ఉంది" అని మా చుట్టాలు సరదాకి అనేవాళ్లు. నేను వద్దనేదాన్ని కాదు. ఆ మాట నాకు బాగానే ఉండేది మరి.

వాయనం పుచ్చుకుని పాసింజరు బండిలో వెళ్లిపోయిన వారానికి, ఇంకో పెద్ద ప్యాకెట్టు కావాలని వదినకి ఫోన్ చేసింది. తర్వాత ప్రతి నెలా తెప్పించుకుంది.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. ఆ పొడి నేనూ వేసుకున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. భాద్రపదంలో మూడు వారాలు. మొదటి నాలుగైదు రోజులు ఒళ్లు తేలికైపోయింది, నిజమే. ఆకలి లేదు, బద్ధకం లేదు. అటక దులిపాను, పప్పుడబ్బాలన్నీ కడిగి ఎండబెట్టాను, కడిగినవే మళ్లీ కడిగాను. తర్వాత నిద్ర పోయింది. నోరెండిపోయేది. తెలియకుండానే దవడలు బిగించేదాన్ని, సాయంత్రానికి చెంపలు నొప్పి పుట్టేవి. కాఫీలో పంచదార తక్కువైందన్నందుకు మా ఆయన మీద గ్లాసు విసిరినంత పని చేశాను. మూడో వారంలో ఒక పొద్దున వరండాలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటే చేతిలో పేపరు అదిరింది. నాడి పట్టుకుని చూసుకున్నాను. పిల్లలకి నేర్పిన పనే కదా. ఊరికే కూర్చున్న మనిషికి నిమిషానికి నూట ఇరవై ఆరు.

ఆ రోజే మానేశాను. తర్వాత రెండు రోజులు మొద్దునిద్ర, ఊరికే ఏడుపు. ఏ ఆకూ మనిషిని ఇలా పరిగెత్తించదని, ఇందులో ఎవరో ఫ్యాక్టరీలో చేసిన మందేదో కలిపారని నాకు అప్పుడే అర్థమైంది. అర్థమైనా చెల్లికి చెప్పలేదు. చెబితే అది వదినని అడుగుతుంది, వదిన మా ఆయనకి చెబుతుంది, వాయనం పుచ్చుకున్న పన్నెండు ఇళ్లలో నా మాట పోతుంది. ఒక్కొక్కరి ఒంటి తత్వం ఒక్కోలా ఉంటుంది, దానికి పడుతోందేమో అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. జీవశాస్త్రం టీచరు చెప్పుకోవలసిన మాటేనా ఇది?

దసరాకి చెల్లి తెనాలి వచ్చింది. ముఖంలో ఎముకలు తేలాయి. కళ్లు పెద్దవైనట్టు కనిపించాయి. ఒకటే మాటలు, ఒక మాట పూర్తి కాకుండానే ఇంకోటి. కార్తీక మాసం పెళ్లిళ్లకి రాత్రీ పగలూ కుడుతున్నానని, అసలు అలుపే లేదని గొప్పగా చెప్పింది. మిషను సూదులు మాత్రం తరచూ విరుగుతున్నాయట. కాఫీ గ్లాసు పట్టుకున్న చేయి వణికి పళ్లెంలో ఒలికింది. పేరంటానికి వచ్చినవాళ్లు చుట్టూ చేరి ఎంత బాగున్నావో అన్నారు. నేనూ అన్నాను.

మార్గశిరంలో ఒక పొద్దున్నే, కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆవిడ ఎదురుగానే, మెడలో టేపుతో సహా కింద పడిపోయింది. అంబులెన్సులో తెనాలి తీసుకొచ్చారు. భట్టిప్రోలు దాటాక ఒకసారి కళ్లు తెరిచి మిషను కట్టేశారా అని అడిగిందట. నేను ఆస్పత్రికి వెళ్లేసరికి తొమ్మిదిన్నర. ఇంకో గంటలో బాపట్ల నుంచి వదిన కూడా దిగింది.

గుండె డాక్టరు కుర్రవాడే. షుగరుందా, బీపీ ఉందా, ఏమైనా మందులు వాడుతోందా అని వరసగా అడిగాడు. చెల్లెలి మొగుడు, మా మరిది, అన్నిటికీ "లేదండి, లేదండి" అన్నాడు. అతను అబద్ధం ఆడలేదు. మెడికల్ షాపులో కొనని దాన్ని మందనుకునే అలవాటు మా వైపు ఎవరికీ లేదు. చూర్ణం, కషాయం, పొడి, ఇవన్నీ వంటింటి లెక్కలోకే వస్తాయి. నేను నోరు తెరవబోతే పక్కనే ఉన్న వదిన నా మోచెయ్యి పట్టుకుంది.

"పొడి మందెలా అవుతుందమ్మా? ఊరికే కంగారు పెట్టకు" అంది మెల్లగా.

నేను ఊరుకున్నాను. ఆస్పత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, అద్దంలోంచి చెల్లి పాదాలు చూస్తూ ఊరుకున్నాను. పెడల్ తొక్కి తొక్కి కుడి మడమ దగ్గర కాయ కట్టిన పాదాలు. పన్నెండు కొట్టింది. డాక్టరు మళ్లీ వచ్చి, గుండె కొట్టుకోవడం దారిలోకి రావడం లేదని, రక్తం తోసే బలం బాగా తగ్గిందని, ఈ వయసులో ఎందుకిలా అయిందో తెలియకుండా గట్టి మందు ఇస్తే అదే ప్రాణం మీదికి రావచ్చని చెప్పాడు. అప్పుడు లేచాను.

"సార్, సన్నబడటానికి ఒక పొడి వాడుతోందండి. నాలుగు నెలలైంది. నేనే ఇచ్చాను."

అతను నన్ను తిట్టలేదు. "రెండున్నర గంటల నుంచి ఇక్కడే ఉన్నారు కదమ్మా" అన్నాడు, అంతే. గబగబా లోపలికి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

చెల్లికి ఆ సాయంత్రానికి గండం తప్పింది. రెండో రోజు డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. ఇలాంటి పొడుల్లో ఆకులకంటే కృత్రిమంగా తయారుచేసిన ఉత్తేజకాలే పనిచేస్తాయట. పులి తరుముకొస్తోందని ఒంటికి అబద్ధం చెబుతాయి, ఒళ్లు నమ్ముతుంది. ఆకలి ఆగుతుంది, నిద్ర ఆగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, గుండె పరిగెడుతుంది. నెలల తరబడి పరిగెత్తిన గుండె కండరం సాగి నీరసపడుతుంది. కొందరికి పక్షవాతం, కొందరికి లేనిపోని అనుమానాలు, పిచ్చి కోపం. మానేస్తే మనసు కుంగిపోతుంది, అందుకే మళ్లీ వేసుకోబుద్ధవుతుంది. పోయిన బలంలో కొంత తిరిగి వస్తుంది, కొంత రాకపోవచ్చు అన్నాడు. ఎంత వస్తుందని అడిగితే ఇప్పుడే చెప్పలేనన్నాడు. వదిన అంతా విని, మరి తను వేసుకుంటే ఏమీ కాలేదే అంది. ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది.

మిగిలిన ప్యాకెట్టు తీసుకుని, ఫిర్యాదు ఇవ్వడానికి నేను బాపట్ల వెళ్లాను. రేపల్లె ఇప్పుడు ఆ జిల్లాలోదే, వదిన ఇల్లూ అక్కడే. ముందురోజు ఇంట్లో పెద్ద గొడవ. నా సొంత అక్కని కోర్టుకెక్కిస్తావా అన్నాడు మా ఆయన. చెల్లి బతికింది కదా, ఇంకేం కావాలి అన్నాడు. బతికింది కదా అనే ఆ మాట విన్నాక, వెళ్లాలా వద్దా అన్న సందేహం నాకు పోయింది.

మందుల తనిఖీ అధికారి ఆడమనిషే. ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని నేను ఎప్పుడూ చేయని పని చేసింది, వెనక్కి తిప్పి చూసింది. ఓపిగ్గా చెప్పింది. ఈ జాతి మందులు అన్నీ ఒకే వరసలో ఉండవట. కొన్ని డాక్టరు చీటీ మీదే అమ్మాలి. కొన్ని ఒకప్పుడు సన్నబడటానికి అమ్మినవే, గుండెకి చేటని తేలి ప్రభుత్వం అమ్మకం నిషేధించింది. ఇంకొన్ని మాదకద్రవ్యాల చట్టం కిందకి వస్తాయి, అవి అమ్మనక్కర్లేదు, బీరువాలో పెట్టుకున్నా జైలే. ఏది కలిపారో లాబ్ చెప్పాలి. ఏది కలిపినా, లైసెన్సు లేకుండా మందు కలిపి ఆకు బొమ్మ వేసి అమ్మడం నేరమే.

"నేను అమ్మలేదండి. వాయనంలో ఇచ్చాను" అన్నాను.

"పంచడం కూడా రాయాల్సిందేనండి" అంది. "మీ అంతట మీరే తెచ్చారు, అది కూడా రాస్తాను."

తెల్ల కాగితం మీద నా పేరు, నా వయసు, రిటైరైన జీవశాస్త్రం ఉపాధ్యాయినిని అని రాశాను. తర్వాత లాబ్ చెప్పింది, అందులో ఉన్నది మన దేశంలో అమ్మకూడని మందేనని. వదినకి పంపిన గ్రూపు మనిషి ఫోను అప్పటికే మూగబోయింది. కేసు నడుస్తోంది. మా ఆయన వాళ్లక్క ఇంటికి ఒక్కడే వెళ్లి వస్తున్నాడు. నన్ను రమ్మని వాళ్లు అనరు, నేను వెళ్లను.

వాయనం ఇచ్చిన ఇళ్లన్నీ తిరిగాను; కొందరు చెల్లిలాగే వదిన దగ్గర మళ్లీ తెప్పించుకున్నారు కూడా. అది నేను నా జీవితంలో చేసిన అతి చీదర పని. ఇచ్చిన వాయనం వెనక్కి అడిగిన ఆడది తెనాలిలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఒకావిడ అలా అడగడం అరిష్టమంది. ఇద్దరు అప్పుడే కాలువలో పోశామన్నారు, నమ్మాను. ఒకావిడ డబ్బా తెచ్చిచ్చింది గానీ, తను తగ్గిన ఆరు కిలోలు మళ్లీ వస్తే ఎలా అని నన్నే అడిగింది. మా వీధి చివరింటావిడ మాత్రం ఇవ్వనంటే ఇవ్వనంది. తను వాడటం లేదట. ఇంటర్ చదివే కూతురికి పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా పట్టిస్తోందట.

"నిద్ర రాకుండా బ్రహ్మాండంగా పనిచేస్తోందండి. పరీక్షలు అయ్యేదాకా ఉండనివ్వండి" అంది.

ఆ పిల్ల లోపలి గదిలోంచి తొంగి చూసింది. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. కింది పెదవి లోపల కొరుక్కుంటోంది. నేను చెప్పుల కాళ్లతోనే వంటింట్లోకి పోయి, డబ్బా తీసి సింకులో పోసి పంపు తిప్పాను. ఆవిడ నన్ను నానా మాటలూ అంది. ఇల్లంతా ఆ నారింజ వాసన. బయటికొచ్చి వాళ్ల గేటు పక్కనే కక్కుకున్నాను. ఎవరి మీద ఎక్కువ అసహ్యం వేసిందో నాకే తెలియలేదు, పొడి చేసినవాడి మీదా, ఆ తల్లి మీదా, ఆ తల్లి చేతికి అది అందించిన నా మీదా.

మాఘంలో చెల్లిని చూడ్డానికి రేపల్లె వెళ్లాను, ఉప్పు లేని పప్పు, కాకరకాయ కూర పట్టుకుని. అది పగలల్లా ముందు గదిలోనే ఉంటోంది. మిషను మీద దుప్పటి కప్పేశారు. పెడల్ తొక్కితే ఆయాసం వస్తుంది. చేతికుట్టు మాత్రం కుట్టుకోవచ్చని డాక్టరన్నాడు, అందుకని పక్కింటి వాళ్ల జాకెట్లకి హుక్కులు కుడుతోంది. పోయిన ఒళ్లు సగం తిరిగి వచ్చింది, ముఖం మాత్రం పాలిపోయింది. మెట్లెక్కి వచ్చిన నాకంటే కుర్చీలో కూర్చున్న దానికే ఎక్కువ రొప్పుగా ఉంది.

ఇంకా మోయలేక అన్నీ చెప్పేశాను. నేనూ వేసుకున్నానని, గుండె దడకి భయపడి మూడు వారాలకే మానేశానని, నీకు మాత్రం చెప్పలేదని. ఏడుస్తుందనుకున్నాను. లేచి పొమ్మంటుందనుకున్నాను, అంటే పోదామనే వెళ్లాను.

అది సూదిలో దారం ఎక్కించుకుంటూ విన్నది.

"వేసుకున్నావని తెలుసక్కా" అంది. "నడుం దగ్గర లోపలికి పట్టమని నాలుగు జాకెట్లు పంపావుగా. ఇంచు చొప్పున పట్టాను. నువ్వూ వేసుకుంటున్నావు, నాకు చెప్పడం లేదనుకున్నాను. ఈ ఒక్కసారైనా నీకంటే సన్నంగా కనిపించాలని, ఆ రోజు నుంచే రెండు పూటలా వేసుకోవడం మొదలుపెట్టాను. మానేశావని తెలియదు."

ఆ జాకెట్లు నేను పొడి మానేసిన మర్నాడు పంపినవి.